రాజసమంద్ కట్ట – మన కంభం చెరువు

ఉత్తరాది యాత్రకు వెళ్ళివచ్చిన మన పెన్షనర్ మిత్రులు రాజపుత్రుల కోటలను, రాజభవనాలను గురించి ఎంతో మురిపెంగా చెబుతుంటారు. ఆ బురుజులు, రాతి జాలీలు, ఛత్రీలు చూడవలసినవే. అయితే ఏ కోట అయినా నిలిచింది నీటి బలంతోనే. చిత్తోడ్‌గఢ్ కొండపై ఒకప్పుడు 84 జలాశయాలు ఉండేవని చెబుతారు. నేడు మిగిలినవి 22.

మేవాడ్ మహారాణా రాజసింహుడు 1662లో, కరువు రోజుల్లో, గోమతి నదిపై రాజసమంద్ చెరువు మొదలుపెట్టి 1676లో పూర్తిచేశాడు. దాని కట్టకు పాలరాతి మెట్లు, శిల్పాలు చెక్కిన మండపాలు, 25 రాతి పలకలపై సంస్కృత ప్రశస్తి. చెరువుకట్టనే రాజభవనంలా తీర్చారు.

మన కంభం చెరువుకు ఆ హంగులు లేవు. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుగా 57 అడుగుల ఎత్తు కట్ట, అంతే. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. అంటే రాజసమంద్ కంటే నూరేళ్ళకు పైగా పెద్దది. గత శతాబ్ది ఆరంభంలో దీనికింద సుమారు 10,300 ఎకరాలు సాగయ్యేవి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

చెరువు నిండిన ఏడు మనవలను, మనవరాళ్ళను కట్ట మీదికి తీసుకువెళ్ళండి. పూర్వులు ఈ కనుమనే ఎందుకు ఎంచుకున్నారో చూపించండి. రేపు పూడిక తీయండి, తూములు బాగుచేయండి అని అడగవలసినవాళ్ళు వాళ్ళే.