ఆటగాండ్ర పట్టికయు దండనీతియు



మన ప్రాంతపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పందెములు జరుగుట మీరెల్లరు నెరిగినదే. పాలపండ్ల గిత్తల కొక వరుస, రెండు పండ్లవాని కొక వరుస, నాలుగు పండ్లవానికి వేరొకటి, ఆరు పండ్లవానికి మరియొకటి యేర్పరతురు. పందెమునకు ముందే యజమాని పేరును, ఊరి పేరును వ్రాసికొని, తెలిసిన పెద్దలు ఎద్దు నోరు తెరచి పండ్లు చూతురు. నాలుగు పండ్ల యెద్దును రెండు పండ్ల వరుసలో కట్టి బహుమతి కొనిపోయినచో, అది బలముచేత గలిగిన గెలుపు కాదు. తప్పుడు వ్రాతచేత గలిగిన గెలుపు. అట్టి తప్పు బయటపడినపుడు శిక్ష యెవరికి విధింపవలయును? దాచిన యజమానికా? చూడకయే వ్రాసికొన్న పెద్దకా? కాడి మోసిన యెద్దునకా?

ఈ ప్రశ్నయే కాలిబంతి యాటలో, అనగా ఫుట్‌బాలులో, నూటనలువది సంవత్సరములకు పైగా విచారింపబడుచున్నది. నల్లమల యంచున, శ్రీశైలపు దారిలో నున్న మా పెద్దదోర్నాల వంటి యూళ్లలో చెడుగుడు ఆడినంతగా ఫుట్‌బాలు ఆడరు. అయినను ఆ ఆటను నడుపువారు పట్టిక తప్పినవారిని దండించుటలో పడిన చిక్కులును, నేర్చిన నీతియు, ఏ పందెమునకైనను తీర్పరులుగా కూర్చుండు పెద్దలకు పనికివచ్చునవి. కావున ఆ చరిత్రను క్రమముగా మనవి చేసెదను.

ముందుగా పట్టిక యనగా నేమో తెలియవలయును. పిల్లవానిని బడిలో చేర్చునపుడు ప్రవేశపు రిజిష్టరున వాని పేరెక్కింతుము. వేరొక బడికి పోవలెనన్న టీసీ కావలయును. ఒకే బాలుని పేరు రెండు బడులలో నుండరాదు. ఫుట్‌బాలు ఆటగానికిని ఇట్టిదే నియమము. ఏ క్లబ్బు తరఫున నాడునో ఆ క్లబ్బు వాని పేరును క్రీడాసంఘమువారి రిజిష్టరున నమోదు చేయింపవలయును. ఈ నమోదు సంవత్సరము పొడుగునను జరుగదు. సామాన్యముగా ఏడాదికి రెండు పర్యాయములు మాత్రమే దానికి గడువు నిత్తురు. ఒక యాటగాడు ఒక సీజనులో మూడు క్లబ్బులకు మించి నమోదు కారాదనియు, రెండింటికి మించి పోటీలలో ఆడరాదనియు అంతర్జాతీయ నియమము. లేనిచో ధనముగల క్లబ్బు చివరి పందెమునాటికి ఎదుటివారి మేటి యాటగాండ్రను కొనివేసి కప్పు తన్నుకొని పోవును.

ఈ నియమములు పుట్టినది ఇంగ్లండున. 1863వ సంవత్సరమున లండను నగరములో ఫుట్‌బాల్ అసోసియేషన్ అను సంఘ మేర్పడెను. ఆ కాలమున ఆట వినోదము కొరకే గాని వేతనము కొరకు కాదని పెద్దమనుష్యుల మతము. కాని ఉత్తరమున నూలుమిల్లులున్న పట్టణముల క్లబ్బులు స్కాట్లండు నుండి నేర్పరులను రప్పించి, చాటుగా జీతములిచ్చి యాడించుచుండెను. 1884 జనవరిలో ప్రెస్టన్ నార్త్ ఎండ్ అను క్లబ్బునకును, లండనుకు చెందిన అప్టన్ పార్క్ క్లబ్బునకును కప్పు పోటీలో ఆట సరిసమానముగా ముగిసెను. వెంటనే లండనువారు, ఎదుటి పక్షమువారు జీతగాండ్రని ఫిర్యాదు చేసిరి. ప్రెస్టన్ పెద్దయైన విలియం సడెల్ తాము డబ్బిచ్చుట నిజమే యని బహిరంగముగా నొప్పుకొనెను. సంఘమువా రా క్లబ్బును పోటీనుండి వెలివేసిరి.

ఇందొక విశేష మున్నది. ఆ దండము వలన జీతములు నిలువలేదు. ఉత్తరదేశపు క్లబ్బులన్నియు నేకమై, వేరు సంఘము పెట్టుకొందుమని బెదరించినవి. తుదకు 1885 జూలైలో జీతమిచ్చుటను సంఘమే యంగీకరించి, జీతగాండ్ర పేళ్లు ప్రతి సంవత్సరమును తమ పుస్తకమున నమోదు కావలెనని నియమించెను. అనగా చాటున జరుగు పనిని నిషేధించి ఓడిపోయినవారు, దానిని పట్టిక కెక్కించి గెలిచిరి. నేటి నమోదు పద్ధతికి మూల మిదియే.

మూడేండ్లకు, 1888లో, పండ్రెండు క్లబ్బులతో లీగు పోటీ మొదలయ్యెను. 1890 సెప్టెంబరులో సండర్లండ్ క్లబ్బు నెడ్ డోయిగ్ అను గోలుకీపరును స్కాట్లండు నుండి తెచ్చి, వాని నమోదు పూర్తికాక మునుపే వెస్ట్ బ్రామ్‌విచ్ పక్షముపై నాడించి నాలుగు గోళ్లతో గెలిచెను. లీగువారు సండర్లండ్ లెక్కనుండి రెండు పాయింట్లు తీసివేసిరి. ఆ కాలమున గెలుపునకు రెండే పాయింట్లు. అనగా తప్పుత్రోవను వచ్చిన ఫలమెంతయో అంతయే తిరిగి తీసికొనిరి.  డోయిగ్ తరువాత చాలకాల మా క్లబ్బుననే ఆడి కీర్తి గడించెను. దండము యథార్హముగా నుండవలయునని కౌటిల్యుడు చెప్పిన రాజనీతికి ఇది చక్కని యుదాహరణము.

అయితే ఆటయొక్క సత్యమును కాపాడుటకు పుట్టిన పట్టికయే కొలది కాలమునకు ఆటగానికి సంకెలయైనది. 1893 మొదలు ఇంగ్లండున నొక నిబంధన నడచెను. ఒడంబడిక ముగిసినను, క్లబ్బు అనుమతి లేనిదే ఆటగాడు వేరొక క్లబ్బున చేరరాదు. జీతమీయకయే వాని పేరును తమ పట్టికలో నట్టిపెట్టుకొనవచ్చును. ఫీజు బాకీ యను నెపమున టీసీ నీయక బాలుని ఇంట కూర్చుండబెట్టినట్లే యిది. జార్జి ఈస్ట్‌హామ్ అను నాటగాడు న్యూకాజిల్ క్లబ్బుపై వ్యాజ్యము వేయగా, 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ ఈ నిబంధన అన్యాయమని తీర్పు చెప్పెను. పిమ్మట బెల్జియము దేశస్థుడగు బోస్మన్ వ్యాజ్యమున, 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము, ఒడంబడిక తీరిన ఆటగానికి ఐరోపా సమాజ దేశముల నడుమ క్లబ్బు మారుటకు సొమ్మడుగరాదని నిర్ణయించెను. పట్టిక పట్టుకొన్నవాడే తప్పు చేయవచ్చునని లోకమునకు తెలిసివచ్చుటకు నూరేండ్లు పట్టినది.

ఇక మన దేశమునకు వత్తము. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 1937లో నేర్పడినది. తెలుగువారి నడుమ ఈ యాటకు రాజధాని హైదరాబాదు. అచ్చటి సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, తరువాత నగర పోలీసు జట్టునకు గురువై, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు ఆ జట్టు రోవర్స్ కప్పు గెలుచునట్లు చేసెను. ఆయన శిక్షణలోనే భారతదేశము 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాం ఆ పోలీసు జట్టునుండి 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బునకు పోయి దేశమంతట పేరుగాంచెను. నాటి జట్టులో పేరుండుట యనగా ఉద్యోగముండుట. ఆటగానికి అన్నము ఆ రెండవ రిజిష్టరునుండి వచ్చెడిది. నేడట్లు కాదు. ఆటయే వృత్తి, ఒడంబడికయే జీవనాధారము. కనుక పట్టికకు మరియొక కర్తవ్యము వచ్చి చేరినది: ఆటగాని జీతమును కాపాడుట.

1904లో పారిసు నగరమున పుట్టిన ఫీఫా యను ప్రపంచ సంఘము నేడు విధించు దండములు మెట్లు మెట్లుగా నున్నవి. అర్హత లేనివానిని ఆడించినచో ఆ యాట మూడు సున్న గోళ్లతో ఓడినట్లు లెక్కింతురు. ఆపై మందలింపు, జరిమానా, పాయింట్ల కోత కలవు. అన్నిటికంటె పదునైనది నమోదు నిషేధము. ఒకటి రెండు గడువుల కాలము ఆ క్లబ్బు క్రొత్త పేరొక్కటియు పట్టిక కెక్కింపరాదు. పదునెనిమిదేండ్లు నిండని పరదేశ బాలురను నియమమునకు విరుద్ధముగా చేర్చుకొన్నందుకు, లోకప్రసిద్ధమైన బార్సిలోనా క్లబ్బునకు 2014లో ఈ శిక్ష పడినది. రెండు గడువులు మూతపడుటయే గాక 450,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా కూడ చెల్లింపవలసి వచ్చెను. జీతములు బాకీపెట్టిన క్లబ్బులకును నేడిదే శిక్ష. పాత జీతగానికి గింజలు కొలువక క్రొత్త జీతగానిని పిలుచు ఆసామిని మన యూళ్లు మెచ్చునా? ఈ శిక్షయొక్క నీతియు నదియే.

ఈ దండము మన హైదరాబాదుననే పడుట చూచితిమి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ యను క్లబ్బు, 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో నోడించి ఇండియన్ సూపర్ లీగు కప్పును తెచ్చెను. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆనాడు మూడు పెనాల్టీల నాపి జట్టును గెలిపించెను. మరుసటి యేడు జట్టు రెండవ స్థానమున నిలిచెను. కాని ఆటగాండ్ర జీతములు బాకీపడినవి. 2023లో ఫీఫా నమోదు నిషేధము విధించెను. జీతములు రానివారు ఒక్కరొక్కరుగా వెడలిరి. క్రొత్తవారిని తెచ్చుటకు వీలులేదు. మిగిలిన పడుచుపిల్లలతో శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్‌టో జట్టును నడిపెను. 2023–24 సీజనులో ఇరువదిరెండు ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి, ఎనిమిది పాయింట్లతో అట్టడుగున నిలిచిరి. 2025లో ఆ క్లబ్బు ఊరే మారి, ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు దాల్చెను. రహీం సాహెబు నగరమునకు ఆ పెద్ద లీగులో జట్టు లేకపోయెను.

ఆ శిక్ష తప్పనను. నిషేధము లేకున్నచో మరికొందరు వచ్చి చేరి, వారును జీతము లేక మోసపోయెడివారు. కాని దాని బరువు నెవరు మోసిరి? సంతకము చేసినవారు కాదు. ప్రతి వారమును ఓడుటకే మైదానమున దిగిన యువకులును, టిక్కెట్టు కొని వచ్చిన జనులును మోసిరి. క్లబ్బు నొక్కదానినే దండించి, దానిని నడిపిన చేతులను విడిచిన దండము సగము దండమే.

మరియొక చిక్కు కూడ కలదు. తప్పు పట్టవలసినవారే ముందుగా సరియని వ్రాసియుండిన నేమి చేయవలయును? 2024–25 ఐ లీగు పోటీలో కాశీ నగరపు ఇంటర్ కాశీ క్లబ్బు నడుమ ఇది జరిగినది. 2025 జనవరిలో పంజాబునకు చెందిన నామ్‌ధారి జట్టు వారిని ఓడించెను. ఆ జట్టులో నిషేధమునందున్న ఆటగాడొక డాడినాడని కాశీవారు ఫిర్యాదు చేసిరి. ఒక కమిటీ ఔననెను. పై కమిటీ కాదనెను. ఇంతలో ఇతర క్లబ్బులు, కాశీవారు స్పెయిను దేశస్థుడైన మారియో బార్కోను ఒకసారి పట్టికనుండి తీసి మరల నెక్కించుట నియమవిరుద్ధమని వాదించినవి. ఆ నమోదునకు సమాఖ్య తానే యంగీకార మిచ్చియుండెను. ఏప్రిలులో గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్ నలుబది పాయింట్లతో విజేతలని ప్రకటించిరి. వివాదము స్విట్జర్లాండులోని లోజాను నగరమందలి క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమునకు పోయెను. అచ్చట జూన్ నెలలో నామ్‌ధారి విషయమునను, జూలై 18వ తేదీన బార్కో విషయమునను తీర్పు కాశీవారి పక్షముననే వచ్చెను. నలుబదిరెండు పాయింట్లతో ఇంటర్ కాశీయే విజేత యయ్యెను. చర్చిల్ వారి చేతికిచ్చిన కప్పును తిరిగి యడుగవలసిన దుస్థితి సమాఖ్యకు పట్టెను. ఆట ముగిసిన మూడు నెలలకు గెలుపెవరిదో తేలినచో, గెలిచినవారికి ఉత్సాహము లేదు, ఓడినవారికి నమ్మకము లేదు.

ఈ చరిత్రనుండి మన పందెములకు గ్రహింపదగినవి మూడు. మొదటిది: పట్టికను ఆటకు ముందే వ్రాసి, మైకులో నందరు వినునట్లు చదివి, అభ్యంతరములకు గడువు పెట్టి, పిమ్మట మూయవలయును. ఒకసారి చూచి సరియన్న పెద్దలు, దాచినది పిమ్మట బయటపడిననే తప్ప, బహుమతి వేళకు మాట మార్చరాదు. రెండవది: తప్పు రుజువైనచో ఆ తప్పువలన వచ్చిన ఫలమును తీసివేయవలయును, సండర్లండ్ రెండు పాయింట్ల వలె, అంతకు మించి పగ సాధింపరాదు. మూడవది ముఖ్యమైనది: జరిమానా జట్టును తెచ్చిన పెద్దమనిషిపై వేయవలయును గాని, వాని మాట నమ్మి వేరొకని పేరున చెడుగుడు ఆడిన పదునారేండ్ల కుఱ్ఱవానిపై కాదు. ఆ బాలుని మందలించి, మరుసటి యేడు తన స్వంత పేరుతో నాడనీయవలయును. పొరుగూరి జట్టువారు డబ్బాశ చూపి తీసికొనిపోయిన బాలుని జీవితాంతము వెలివేసిన యూరు, మంచి యాటగానిని పోగొట్టుకొనును. తప్పు చేసినవాడు మరుసటి తిరునాళ్లకు వేరొక బాలునితో వచ్చును.

ఎద్దు పండ్లు అబద్ధమాడవు. అబద్ధమాడునది వ్రాసిన చేయి. రాబోవు తిరునాళ్లలో తీర్పరులుగా కూర్చుండు పెద్దలు, పేళ్లు వ్రాయించిన వారి సంతకమును పట్టికలో నొక ప్రక్క తప్పక తీసికొందురు గాక. తగవు వచ్చిననాడు ఎవరిని పిలువవలయునో ఆ సంతకమే చెప్పును.