ఐదో తరగతి దాటాక: తెలుగు ఊళ్లలో హైస్కూలు చేరిక చరిత్ర

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో తెలుగు ఊళ్లలో పిల్లవాడి బడి చదువు పదేళ్ల వయసుకు దాదాపుగా ముగిసేది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లోని బడుల లెక్కలు పంపమన్నాడు. ప్రెసిడెన్సీ మొత్తంమీద 12,498 బడులు, వాటిలో సుమారు 1,88,000 మంది పిల్లలు తేలారు. 1826లో ఆ లెక్కల మీద అభిప్రాయం రాస్తూ మన్రో బడి ఈడును ఐదు నుంచి పదేళ్లుగా పట్టుకున్నాడు. ఐదో ఏట ఐదో నెల ఐదో రోజున పిల్లవాణ్ణి బడిలో వేసే ఆచారాన్ని బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన నివేదికలో రాశాడు. వీధిబడి పంతులు ఇసుకలో ఓనమాలు దిద్దించి, ఎక్కాలు, పద్యాలు కంఠస్థం చేయించి, ఉత్తరం ముక్క చదవడం, లెక్క వేయడం నేర్పి పంపేవాడు. ఆ తర్వాత ఏమిటన్న ప్రశ్న తల్లిదండ్రులకు ఉండేది కాదు. కరణంగారి అబ్బాయి తండ్రి పక్కన కూర్చుని దస్త్రం నేర్చుకునేవాడు, షావుకారు కొడుకు కొట్లో కూర్చునేవాడు, వైదికుల పిల్లవాడు గురువుగారింటికి వెళ్లేవాడు. రైతు బిడ్డ అసలు బడికి వస్తే గిస్తే పొలానికి తిరిగి వెళ్లేవాడు. కింది కులాల పిల్లల్లో అత్యధికులకు వీధిబడి అరుగు కూడా అందలేదు. నిర్ణయం తీసుకునే బరువును కులం మోసింది కాబట్టి ఇంటివాళ్లకు ఆ బెంగ లేదు.

ఆ బెంగ ఇంగ్లీషు చదువుతో వచ్చింది. 1854 నాటి విద్యా విధాన పత్రం, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడడం, దాని మెట్రిక్యులేషన్ పరీక్ష సర్కారు ఉద్యోగానికి దారి కావడం, ఇవన్నీ కలిసి పది పన్నెండేళ్ల పిల్లవాడి ముందు కొత్త మెట్టు ఒకటి నిలబెట్టాయి. ఆ మెట్టు ఊళ్లో లేదు. మచిలీపట్నం, రాజమండ్రి, విజయనగరం, నెల్లూరు వంటి పట్నాలలో ఉంది.

మొదట్లో తల్లిదండ్రులు భయపడింది చదువుకు కాదు, మతానికి. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో పెట్టిన బడి కోస్తాలో పేరుమోసిన ఇంగ్లీషు బడుల్లో ఒకటి. 1852లో అక్కడి విద్యార్థులు ఇద్దరు క్రైస్తవం పుచ్చుకోగానే పట్నం అట్టుడికింది, తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. అయినా కొంతకాలానికి పిల్లలు మళ్లీ చేరారు. ఉద్యోగానికి దారి చూపే ఇంగ్లీషు చదువు అప్పట్లో చేతికందే దూరంలో ఇంకెక్కడా పెద్దగా లేదు. 1857లో విజయనగరం మహారాజు సొంతంగా బడి పెట్టడం వంటి ప్రయత్నాలు పెరిగాక గాని సంప్రదాయ కుటుంబాలకు కాస్త ఊపిరాడలేదు.

మతం భయం తగ్గాక అసలు చిక్కు బయటపడింది: పిల్లవాడికి అన్నం ఎక్కడ? హైస్కూలు చదువు చరిత్రను ఫీజులతో, సిలబసులతో చెప్పడం వాడుక. కానీ ఆ కాలపు ఆత్మకథలు చదివితే జీతం కట్టడం కన్నా రెండు పూటలా తిండి, రాత్రి పడుకోవడానికి చోటు దొరకడమే ఎక్కువ కష్టంగా కనిపిస్తుంది. కలిగినవాళ్లు పట్నంలో గది అద్దెకు తీసుకుని, తల్లినో అమ్మమ్మనో వండిపెట్టడానికి పంపేవారు. మధ్యతరగతివాళ్లు మేనమామ ఇంట్లోనో పెత్తండ్రి ఇంట్లోనో దించేవారు. అక్కడ పిల్లవాడు నీళ్లు తోడుతూ, బజారు పనులు చేస్తూ చదువుకోవాల్సి వచ్చేది. ఏ దిక్కూ లేని బ్రాహ్మణ పిల్లలకు వారాలు ఉండేవి. వారంలో రోజుకొక ఇంట భోజనం, ఏడు ఇళ్లు కుదిరితే చదువు సాగినట్టే. ఒక ఇల్లు తప్పిపోతే ఆ రోజుకు పస్తు. వారాలు కుదర్చడానికి తండ్రి పట్నం వచ్చి, తెలిసినవాళ్ల గుమ్మాలెక్కి అడగడం అప్పటి అడ్మిషన్లలో ముఖ్యమైన భాగం. బడిలో పేరు రాయించడం ఆ తర్వాతి పని.

టంగుటూరి ప్రకాశం పదకొండేళ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకున్నాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని చదివించింది. నలుగురికీ వండిపెట్టి కొడుకును చదివించిన ఆ తల్లికి పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టడానికి పట్టుచీర తాకట్టు పెట్టాల్సి వచ్చింది. తర్వాత ఆయన్ను రాజమండ్రికి తీసుకువెళ్లి పై చదువుకు దారి చూపినవాడు ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. గురజాడ అప్పారావుదీ ఇంచుమించు ఇదే కథ. తండ్రి పోయాక చీపురుపల్లి నుంచి విజయనగరం వచ్చిన ఆ పిల్లవాడికి అక్కడి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి తిండీ వసతీ ఉచితంగా ఇచ్చాడు. 1882లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. ఇద్దరి విషయంలోనూ తల్లిదండ్రులు చేయలేకపోయింది ఉపాధ్యాయులు చేశారు. అలాంటి ఉపాధ్యాయుడు తారసపడని పిల్లల పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

వారాలు అగ్రహారపు ఏర్పాటు. మిగతా కులాల రైతుబిడ్డలకు అది పనికిరాదు కనుక వాళ్లు హాస్టళ్లు కట్టుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో పట్నాలలో కులం పేరున వెలసిన విద్యార్థి వసతి గృహాలకు మూలం ఇదే. వాటిలో పేరుపడింది హైదరాబాదు రెడ్డి హాస్టల్. కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో మొదలైంది. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ చూశాడు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన రైతు కుటుంబాల పిల్లలకు ఆ హాస్టల్ లేకపోతే రాజధానిలో చదువు అందేది కాదు. దళితులకు వారాలూ లేవు, అద్దె గదులూ దొరకలేదు. మద్రాసు ప్రభుత్వ కార్మిక శాఖ, తర్వాత సంక్షేమ శాఖ తెరిచిన హాస్టళ్లే వాళ్లకు హైస్కూలు గుమ్మం. వాటి గురించి ఈనాడు మాట్లాడేవాళ్లు సరిపడని కూరల గురించి మాట్లాడుతారు గాని, అవి లేని కాలాన్ని గుర్తు చేసుకునేవాళ్లు తక్కువ.

నైజాం ఇలాకాలో తెలుగు తల్లిదండ్రులకు ఇంకో గోడ ఉండేది. హైస్కూలు బోధన ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలో చదవాలి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పైచదువు దారి కూడా అదే భాషలో పడింది. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టి తెలుగులో బోధన మొదలుపెట్టించాడు. ఉస్మానియా గుర్తింపు దొరకక దాన్ని పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించాల్సి వచ్చింది. హైదరాబాదులో తెలుగు పిల్ల తెలుగులో చదివి, మరాఠీ గడ్డమీది పరీక్షకు కూర్చోవడం ఆ కాలపు విచిత్రాల్లో ఒకటి.

ఆడపిల్లలకు హైస్కూలు ఈడు, పెళ్లి ఈడు ఒకటే. ఐదో తరగతి వరకు పంపిన తండ్రి కూడా ఆరో తరగతి దగ్గర ఆగిపోయేవాడు. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టినా, 1922లో గుంటూరులో ఉన్నవ దంపతులు శారదానికేతనం నడిపినా, ఆ వయసు దాటి బడిలో నిలిచిన పిల్లలు వేళ్లమీద లెక్కించదగినవాళ్లే. 1930లో అమల్లోకి వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు 14 అని పెట్టింది. కాగితం మీద అది హైస్కూలుకు నాలుగేళ్లు ఖాళీ చేసినట్టే. ఊళ్లో మాత్రం పొరుగూరి బడికి ఆడపిల్ల ఒంటరిగా నడిచి వెళ్లడం అనే చిక్కు దశాబ్దాల పాటు చట్టం కన్నా బలంగా నిలిచింది.

ఇంగ్లీషు పాలనలోని జిల్లాల్లో 1920 నాటి స్థానిక సంస్థల చట్టాల తర్వాత జిల్లా బోర్డుల హైస్కూళ్లు పెరిగాయి. పెద్ద ఊళ్లలో బోర్డు హైస్కూలు వెలిశాక పట్నం అక్కర కొంత తగ్గింది. నాలుగైదు మైళ్లు నడిచి, క్యారేజీ చేతబట్టుకుని వెళ్లి రావచ్చు. ఐదో తరగతి దాటిన పిల్లవాడు ఫస్టు ఫారంలో చేరేవాడు. ఫస్టు నుంచి సిక్స్తు దాకా ఆరు ఫారాలు, చివర 1911లో వచ్చిన ఎస్సెస్సెల్సీ. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు ఫస్టు ఫారంలో ఏబీసీడీలతో మొదలుపెట్టి ఆరేళ్లలో ఇంగ్లీషు అందుకోవాలి. కాబట్టి చేరే ముందు వేసవిలో ఎవరో ఒక పంతులు దగ్గర ట్యూషన్ పెట్టించడం తండ్రుల పనుల్లో చేరింది. పుట్టినతేదీ కూడా చేరిక సమయంలోనే స్థిరపడేది. తేదీ తెలియని తల్లిదండ్రుల తరఫున హెడ్మాస్టరే ఏదో ఒకటి వేసేవాడు. నేటి పెద్దల్లో జూలై 1న పుట్టినవాళ్లు అంత మంది కనబడడానికి గ్రహబలం కారణం కాదు.

1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక బడి సమితిది, హైస్కూలు జిల్లా పరిషత్తుది అయింది. ఆ హద్దు దాటడానికి రికార్డు షీటు కావాలి. తండ్రి ప్రాథమిక బడి నుంచి దాన్ని పట్టుకెళ్తే హైస్కూలువాళ్లు పుట్టుమచ్చలు సరిచూసి చేర్చుకునేవారు. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక పదో తరగతి హైస్కూలు చదువుకు చివరి గట్టు అయింది. మధ్యలో ఏడో తరగతి కామన్ పరీక్ష ఇంకో గట్టు. ఏడుతో ఆపేసిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు.

1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెరిచారు. అప్పటిదాకా విద్యాశాఖ చూసిన పి.వి. నరసింహారావు ఆ ఏడే ముఖ్యమంత్రి అయ్యాడు. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. తిండి, వసతి, చదువు ఒకేచోట, సర్కారు ఖర్చుతో. ఊళ్లో తెలివైన పేద పిల్లవాడి తండ్రికి ఇంతకు మించిన వరం లేదు. కానీ వారాలకు ఏడు గుమ్మాలు ఎక్కిన తరం వెళ్లిపోయి, ఒక ప్రవేశ పరీక్ష దగ్గర క్యూ కట్టే తరం వచ్చింది. 1986 విద్యా విధానంతో జిల్లాకొక నవోదయ వచ్చాక ఆ పరీక్షకు ఐదో తరగతి పిల్లల్ని సిద్ధం చేసే కోచింగ్ సెంటర్లు పుట్టాయి. పదేళ్ల పిల్లవాడు పోటీ పరీక్ష రాయడం తెలుగు ఇళ్లలో అలా మామూలైంది. 2004 తర్వాత కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆరో తరగతి దగ్గర ఆగిపోయే ఆడపిల్లలకు వసతితో కూడిన చోటు ఇచ్చాయి.

1980ల నుంచి ప్రైవేటు బడులు చేరిక ప్రశ్నను తలకిందులు చేశాయి. పిల్లవాణ్ణి తీసుకునే బడి కోసం తండ్రి తిరగడం పోయి, మార్చి నెలలో బడి మనుషులే బ్రోచర్లతో ఇల్లిల్లూ తిరగడం మొదలైంది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సెక్షన్లు వచ్చాయి. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ల పేరిట హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరవడం ప్రైవేటు బడులకు సాగిన వలసకు జవాబే. అదే ఏడు మధ్యాహ్న భోజనం హైస్కూలు తరగతులకూ వచ్చింది. మాధ్యమం గురించి జరిగినంత చర్చ అన్నం గురించి జరగలేదు. నడిచి వచ్చే పిల్లవాడి తల్లికి మాత్రం పొద్దున్నే క్యారేజీ కట్టే పని తప్పింది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలపడంతో హైస్కూలు చేరిక ఎనిమిదేళ్ల వయసుకు దిగింది. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు బడుల ముందు నిరసనకు దిగారు. దూరం, రోడ్డు దాటడం, చిన్నపిల్లలు పెద్దపిల్లల మధ్య పడిపోవడం వాళ్ల అభ్యంతరాలు. 2025లో ఆ ఏర్పాటును ప్రభుత్వం వెనక్కు తీసుకుని ప్రాథమిక బడులను మళ్లీ సర్దింది.