ఫిన్నింగ్ (స్కూబా డైవింగ్)

స్కూబా డైవింగులో పాదాలకు తొడుగుకొన్న ఫిన్నులతో నీటిని వెనుకకు నెట్టి ముందుకు సాగే పద్ధతిని '''ఫిన్నింగ్''' అంటారు. సొరచేపల రెక్కలు కోయడాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. దానికీ ఈ వ్యాసానికీ సంబంధం లేదు. కాళ్ళు కదిపే తీరును బట్టి ఇందులో పలు రకాల కిక్కులు ఉన్నాయి. విశాలమైన సముద్రంలో కిక్ సరిగా లేకపోతే డైవరు త్వరగా అలసిపోతాడు, గాలి త్వరగా ఖర్చవుతుంది. నీటితో నిండిన గుహలోనైతే అదే లోపం ప్రాణం తీయగలదు.

== చరిత్ర ==
ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియూ బాతు కాలి పొరను పోలిన రబ్బరు ఫిన్నులకు 1933లో పేటెంటు పొందాడు. అమెరికాలో వీటిని ఓవెన్ చర్చిల్ ప్రచారంలోకి తెచ్చాడు. 1943లో జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ ఆక్వాలంగ్ పరికరాన్ని రూపొందించాక, చేతుల సాయం లేకుండా కాళ్ళతోనే ఈదడం డైవింగులో సాధారణమయింది.

== దేహస్థితి ==
కిక్ బాగుపడాలంటే ముందు సరిదిద్దవలసినది కాళ్ళను కాదు, నీటిలో దేహం నిలిచే తీరును. అవసరానికి మించి సీసపు బరువులు కట్టుకొన్న డైవరు కాళ్ళు కిందికి వాలి, దేహం ఏటవాలుగా నిలుస్తుంది. అప్పుడు అతని ప్రతి తన్నూ కొంత ముందుకు, కొంత పైకి నెడుతుంది. తన్నడం ఆపితే మునుగుతాడు, కనుక ఆపలేడు. కాళ్ళ శక్తిలో కొంత భాగం బరువు మోయడానికే వృథా అవుతుంది. పైగా ఫిన్ను నెట్టిన నీరు సూటిగా అడుగుకు కొట్టుకొంటుంది. బరువు సరిచేసి, భుజాలు, తుంటి, మోకాళ్ళు ఒకే మట్టంలో ఉంచగలిగితే సగం పని అయినట్లే.

నీటి నిరోధం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి నాలుగు రెట్ల బలం, ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే అనుభవజ్ఞులు నెమ్మదిగా ఈదుతారు.

== కిక్ రకాలు ==
'''ఫ్లట్టర్ కిక్''': కొత్తవారికి సాధారణంగా మొదట నేర్పేది ఇదే. కాళ్ళను దాదాపు చాపి, తుంటి నుండి ఒకదాని తరువాత ఒకటిగా పైకీ కిందికీ ఆడిస్తారు. ఎదురు ప్రవాహంలో బాగా పనికివస్తుంది. సైకిలు తొక్కినట్లు మోకాళ్ళు ముడవడం ఇందులో తరచుగా కనిపించే తప్పు. అలా చేస్తే ఫిన్ను నీటిని నెట్టదు, కోసుకొంటూ పోతుంది. మోకాళ్ళు వంచి, ఫిన్నులను దేహం కంటే ఎత్తులో ఉంచి, చీలమండలతో చిన్నగా ఆడించేది దీని సవరించిన రూపం.

'''ఫ్రాగ్ కిక్''': కప్ప ఈతను పోలినది. మోకాళ్ళు వంచి పాదాలను పైకెత్తి, పక్కలకు తెరచి, అరికాళ్ళు ఒకదానినొకటి చూసేటట్లు దగ్గరకు మూస్తారు. నీరు అడుగుకు పోక, నేరుగా వెనుకకు పోతుంది. మూసిన తరువాత కాళ్ళు కదపక కొంత దూరం జారిపోవడం ఇందులో ముఖ్యం. చాలామంది ఈ విరామాన్ని వదిలేసి వెంటనే మళ్ళీ తన్నుతారు. దానితో ఈ కిక్ వల్ల కలిగే లాభమంతా పోతుంది.

'''హెలికాప్టర్ టర్న్''': ఒక కాలితో ఫ్రాగ్ కిక్‌లో సగభాగం చేస్తూ ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం.

'''బ్యాక్ కిక్''': అన్నిటికంటే కష్టమైనది. కాళ్ళను వెనుకకు చాపి, పాదాలను బయటికి తిప్పి, ఫిన్ను పైభాగంతో నీటిని తల వైపుకు లాగుతారు. మొదట్లో అంగుళం కూడా కదలకపోవడం మామూలే. రెండుగా చీలిన మెత్తటి ఫిన్నులతో ఇది దాదాపు అసాధ్యం. గట్టి, పొట్టి ఫిన్నులు అనుకూలం.

== ఫ్లోరిడా గుహలలో ==
అమెరికాలోని ఉత్తర ఫ్లోరిడాలో సున్నపురాతి గుహల నుండి ఊటలు పైకి వస్తాయి. గిన్నీ స్ప్రింగ్స్, పీకాక్ స్ప్రింగ్స్ వీటిలో ప్రసిద్ధమైనవి. నీరు అద్దంలా ఉన్నా, చాలాచోట్ల అడుగున మెత్తటి ఒండ్రు పేరుకొని ఉంటుంది. ఏటవాలుగా ఈదే డైవరు నాలుగుసార్లు ఫ్లట్టర్ కిక్ చేస్తే చాలు, వెనుకనున్న దారి కనబడకుండా పోతుంది. ముఖం ముందు పెట్టిన చేయి కూడా కనిపించని ఆ స్థితిలో, ప్రవేశద్వారం నుండి వేసుకొచ్చిన తాడును తడుముకొంటూ రావడమే దారి. తడుముకొంటూ రావడానికి సమయం పడుతుంది, సమయానికి గాలి కావాలి.

గుహ డైవరు షెక్ ఎక్స్‌లీ 1979లో ప్రచురించిన శిక్షణ పుస్తకంలో గుహ ప్రమాదాలను పరిశీలించి, ఎడతెగని తాడు, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గాలి వంటి నియమాలను వివరించాడు. ఈ నియమాలు ఆపద వచ్చాక కాపాడతాయి; ఒండ్రు లేవకుండా చూసేది మాత్రం కిక్. కనుకనే గుహ శిక్షణలో ఫ్రాగ్ కిక్ తప్పనిసరి పాఠం వంటిది. ప్రవాహం బలంగా ఉన్నచోట డైవర్లు తన్నడం మాని, రాళ్ళను పట్టుకొని వేళ్ళతో లాక్కొంటూ ముందుకు పోతారు.

పగడపు దిబ్బల దగ్గర కూడా ఇదే జాగ్రత్త అవసరం. అక్కడ దెబ్బ తగిలేది డైవరుకు కాదు, ఫిన్ను తాకి విరిగే పగడానికి. పగడాలు భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

== సాధన ==
ఈతకొలనులో అడుగుకు మూరెడు ఎత్తున కదలకుండా తేలుతూ ఉండగలగడం మొదటి మెట్టు. అది వచ్చాక ఒక్కో కిక్‌కు ఎంత దూరం జారుతున్నదీ కొలుచుకోవాలి. కిక్కుల సంఖ్య తగ్గుతున్నదంటే మెరుగుపడుతున్నట్లు. తన కాళ్ళు తనకు కనబడవు కనుక తోటివారి చేత వీడియో తీయించుకోవడం మేలు. పిక్క పట్టేస్తే తన్నడం ఆపి, కాలు చాపి, ఫిన్ను కొసను చేత్తో తనవైపుకు లాగితే సాధారణంగా సడలుతుంది.