ఇందల్వాయి మార్గము - శుల్కవిచారము

తెలుఁగున 'సుంకము' సంస్కృత శుల్కశబ్దమునకు వికృతి. పాణిని పంచమాధ్యాయమున వృద్ధి, ఆయము, లాభము, ఉపద యనువానితోఁ బాటు శుల్కమును బేర్కొనెను. రక్షణమునకుఁ బ్రతిఫలముగా రాజు గైకొను భాగమే శుల్కమని యచ్చటఁ గాశికావృత్తి వివరించును. కావున నిచ్చువానికి రక్షణము లభింపనిచోట నా శబ్దము సార్థకము గాదు.

ఇది వైయాకరణుల యూహమాత్రము గాదనుటకుఁ గాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనము సాక్ష్యము. గాలివానకుఁ జిక్కి దరిఁజేరిన యోడల సరకులను బూర్వరాజు లపహరించుచుండి రనియు, గణపతిదేవుఁడు నిర్ణీతశుల్కము దక్కఁ దక్కినదెల్ల వర్తకులకే విడిచె ననియు శా. శ. 1166 (క్రీ. శ. 1244-45) నాఁటి యా శాసనమువలనఁ దెలియుచున్నది. ఎగుమతి దిగుమతులపై సుంకము 30 పాళ్ల కొకపాలు. అభయము ముందు, శుల్కము పిదప.

నాలుగు శతాబ్దుల పిమ్మట నీ క్రమము తలక్రిందయ్యెను. ఫ్రెంచి యాత్రికుఁడు థెవెనో 1667 ప్రాంతమున ఔరంగాబాదునుండి గోలకొండకు నిందల్వాయి మీఁదుగాఁ బ్రయాణించెను. ఆ యూరఁ గత్తులు, బాకులు, బల్లెములు విశేషముగాఁ జేయుదు రనియు, వాని యినుము సమీపపు గనులదే యనియు వ్రాసెను. గోలకొండ సీమలో 23 లీగుల దారిలో 16 చోట్ల సుంకరు లడ్డగించి రనియు నాతఁడే చెప్పెను. లీగు రమారమి నాలుగు కిలోమీటర్లు గాన, ఆఱు కిలోమీటర్ల కొక సుంకపుచౌకి యన్నమాట. రాజాదాయమును గుత్తకిచ్చు నా కాలమున, గుత్తదారుఁడు గడువులోపల మొత్తమును రాఁబట్టుకొనవలసియుండెను. చౌకిచౌకికిఁ బెరిగిన వ్యయమును వర్తకుఁడు తాను భరింపఁడు. కొనునప్పుడు కమ్మరికిఁ దగ్గించి యిచ్చును, లేదా యమ్మునప్పుడు హెచ్చించి పుచ్చుకొనును. కావున సుంకమును జెల్లించినవాఁ డొకఁడు, మోసినవాఁడు వేఱొకఁడు.

1802 నాఁటి వాణిజ్యసంధిచే నిజాము, కుంఫిణీ రాజ్యముల నడుమ సరకులకు నూటికైదు చొప్పున సుంకము నిర్ణయింపఁబడెను. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు గుత్తదారులకు మాఱుగా జీతగాండ్రైన యుద్యోగులను నియమించెను. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోనికి రాఁగా రాష్ట్రముల సరిహద్దులలోని వాణిజ్యపన్నుల తనిఖీకేంద్రములు తొలఁగెను.

అయినను సుంకద్వార మిందల్వాయిని వదలలేదు. 44వ జాతీయ రహదారిపై నచ్చట టోలుగేటు కలదు. అట్టి ద్వారములకు నడుమ సాధారణముగా 60 కిలోమీటర్ల యెడముండవలెనని 2008 నాఁటి నియమము. థెవెనో లెక్కతోఁ బోల్చిన నిది గొప్ప యూఱట. కాని యెడము పెరిగినంతమాత్రమున శుల్కము ధర్మ్యము గాదు. దానికి మాఱుగా బాట బాగుండవలెను. ఆర్మూరు పసుపును హైదరాబాదు దెసకుఁ గొనిపోవు లారీ యిచ్చు రుసుము సైతము తుదకు రైతు ధరలోనో కొనువాని ధరలోనో చేరును.

2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదునఁ బసుపుబోర్డును, గిట్టుబాటు ధరను గోరుచు 170కిఁ బైగా రైతులు పోటీచేసిరి. 2025 జనవరి 14న జాతీయ పసుపుబోర్డు ప్రారంభింపఁబడెను. రైతులు వేఁడినది దానము గాదు. తా మిచ్చుదానికి మాఱుగా రావలసిన రక్షణము. ధర నిలిపినప్పుడే యా బోర్డు వారి కోరికను దీర్చిన దగును.