ఐదొందల ఏళ్ళనాటి డిజైను డాక్యుమెంటు

ఆఫీసు పనిమీద జర్మనీ వెళ్ళినప్పుడు ఓ శనివారం కొలోన్ కెథెడ్రల్ చూశాను. గైడు వెంట లోపలంతా తిరిగి, తర్వాత దక్షిణపు గోపురం ఎక్కాను. 533 మెట్లు, లిఫ్టు లేదు. రోజంతా కుర్చీలో కూర్చునే మనలాంటివాళ్ళకి సగంలోనే దేవుడు కనిపిస్తాడు :)

1248లో మొదలుపెట్టిన చర్చి ఇది. డబ్బులూ ఉత్సాహమూ తగ్గిపోయి 1560లో పని ఆగిపోయింది. సగం కట్టిన గోపురం మీద చెక్క క్రేను మాత్రం 1868 దాకా అలాగే ఉంది! మనమైతే అయిదేళ్ళు ఆగిన ప్రాజెక్టుని ముట్టుకోం, మొదట్నుంచీ రాసేస్తాం.

మరి వాళ్ళెలా కొనసాగించారు? 1280 ప్రాంతంలో తోలు మీద గీసిన ముందుభాగం నక్షా ఒకటుండేది. నాలుగు మీటర్లకు పైనే పొడవు. ఫ్రెంచి సైన్యం వచ్చిన 1794 నాటి గొడవల్లో అది మాయమైంది. 1814లో ఒక సగం డార్మ్‌స్టాట్‌లో, 1816లో రెండో సగం పారిస్‌లో దొరికాయి. ఊరివాళ్ళు చందాలేసుకున్నారు, ప్రష్యా రాజు తోడయ్యాడు. 1842లో పని మళ్ళీ మొదలైంది. ఆ నక్షా ఆధారంగానే 1880కల్లా 157 మీటర్ల జంట గోపురాలు లేచాయి.

గీసినవాడు పోయి అప్పటికి ఐదొందల ఏళ్ళు దాటింది. సందేహం వస్తే అడగడానికి మనిషి లేడు. అయినా కట్టేవాళ్ళకి అర్థమైంది. నేను ఆర్నెల్ల కిందట రాసిన కోడు నాకే అర్థం కాదు. కామెంట్లు రాయమంటే "టైము లేదండీ" అనేవాణ్ణి. గోపురం దిగొచ్చాక ఆ మాట అనడానికి నోరు రావట్లేదు.