వెనుక చక్రానికి ఆలస్యంగా చేరిన డిస్క్ బ్రేకు

కారు బ్రేకు వేస్తే దాని గతిశక్తి ఏమవుతుంది? ఘర్షణ వల్ల వేడిగా మారుతుంది. గంటకు 72 కి.మీ. వేగంతో పోతున్న 1,000 కిలోల కారును ఆపితే పుట్టే వేడి, ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను సుమారు 48 సెల్సియస్ డిగ్రీలు పెంచగలదు. వేగం రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది.

డ్రమ్ము బ్రేకులో ఈ వేడి త్వరగా బయటకు పోదు. డ్రమ్ము వ్యాకోచించి, లోపలి బ్రేక్ షూలకు దూరంగా జరుగుతుంది. ఘాట్ రోడ్డులో పదేపదే బ్రేకు వేస్తే పట్టు సడలడానికి ఇదొక కారణం. డిస్క్ బ్రేకులో గాలి తగిలే లోహపు పళ్లేన్ని ప్యాడ్లు రెండు వైపులా నొక్కుతాయి.

బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు పొందాడు. అయితే ఆనాటి రాగి ప్యాడ్లు భరించలేనంత కీచుధ్వని చేసేవి. 1953లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెంలో, డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచింది. 1955లో వచ్చిన సిట్రోయన్ డి.ఎస్. కారుకు ముందువైపు మాత్రమే డిస్కులు అమర్చారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రాలపైకి మళ్లుతుంది కనుక అక్కడే ఎక్కువ పట్టు కావాలి. అందుకే చౌకైన డ్రమ్ము వెనుక నిలిచిపోయింది. నేటికీ మన చిన్న కార్లలో చాలావాటికి అదే ఉంది.

వెనుక డిస్కులున్న కార్లలో అవి అరుగుతాయి. పళ్లెం పలచబడితే వేడిని ఇముడ్చుకునే లోహం తగ్గుతుంది. తయారీదారు చెప్పిన కనీస మందానికి దిగితే రెండు వైపులా కలిపి మార్చాలి. ఇక్కడ పొదుపు ప్రాణాల మీదికి తెస్తుంది.