మోటారు పొగకు కొలమానము

పెట్రోలు ఒక పాలు సంపూర్ణముగ దహనమగుటకు తూకములో సుమారు 14.7 పాళ్ల గాలి వలయును. పూర్వపు మోటారు మేస్త్రీలు చెవితోను, పొగ రంగుతోను ఈ పాళ్లను కనిపెట్టెడివారు. వారి నేర్పును మేము కాదనము.

జర్మను శాస్త్రజ్ఞుడు నెర్న్‌స్ట్ 19వ శతాబ్ది చివర, కాగిన జిర్కోనియా పింగాణి విద్యుత్తును ప్రసరింపజేయుట గ్రహించి దానితో దీపము చేసెను. ఆ గుణమే 1976లో బాష్ సంస్థవారి ఆమ్లజని శోధకమై వోల్వో కార్లలో చేరినది. కాలిఫోర్నియా పొగ చట్టములే దీనికి ప్రేరణ. అది గాలి ఎక్కువో తక్కువో మాత్రమే చెప్పెడిది. ఎంతయో చెప్పు వైడ్‌బ్యాండ్ శోధకము 1990 దశకమున వచ్చెను.

దీనిని సరిచూచుటకు తూనికరాళ్లు వలదు. పొగగొట్టమునుండి విప్పి, పెట్రోలు ఆవిరులకు దూరముగ, వేడెక్కించి, ఆరుబయట నుంచిన చాలును. పొడిగాలిలో ఆమ్లజని ఎల్లయెడల 20.9 శాతమే గదా! ఆ అంకె చూపని శోధకమును నమ్మి, బరువు లాగు యంత్రమునకు ఇంధనము తగ్గించినచో పిస్టను కరగుటయు కలదు.